బియ్యం బస్తా లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఏషియన్ టౌన్ (ఖతార్): శుక్రవారం సాయంత్రం ఇక్కడ కాలు పెట్టే సందు ఉండదు. ఇండస్ట్రియల్ ఏరియాను ఆనుకుని కట్టిన ఈ టౌన్‌లో సినిమా హాళ్లు, మార్కెట్, బహిరంగ రంగస్థలం, పక్కనే లేబర్ సిటీ అన్నీ ఉన్నాయి. క్రికెట్ స్టేడియం సరేసరి. 2023 మార్చిలో లెజెండ్స్ లీగ్‌లో గంభీర్, అఫ్రిదీ జట్లు తలపడింది ఇక్కడే. కానీ మన తెలుగువాళ్లు ఎక్కువసేపు నిలబడేది స్టేడియం దగ్గర కాదు, బియ్యం బస్తాల వరుస దగ్గర.

అక్కడ జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అన్న బస్తా మీది ధర చూసి మమ్మల్ని అడిగాడు. ‘‘మనూర్ల వడ్లు మంచిగనే పండినయ్ గదా అన్నా, ఐకేపీ సెంటర్ల కుప్పలు కుప్పలు పోసిండ్రు. మరి గిక్కడ ధర ఎందుకు దిగుతలేదు?’’

అడగాల్సిన ప్రశ్నే. పంట బాగా పండితే ధర తగ్గాలి. కానీ పొలానికీ పళ్లేనికీ మధ్య ఎన్ని చేతులు, ఎన్ని గేట్లు, ఎన్ని సంతకాలు ఉన్నాయో చూస్తేగానీ జవాబు దొరకదు. మిల్లు, లారీ, ముంద్రా లేదా న్హావా షేవా రేవు, ఓడ, హార్ముజ్ జలసంధి, హమద్ పోర్టు, కస్టమ్స్, ఇండస్ట్రియల్ ఏరియాలో గోదాం, ఆ తర్వాత ఈ షాపు. దీన్నే సరఫరా గొలుసు అంటున్నారు. ఇందులో ఎక్కడ తెగినా దెబ్బ తగిలేది చివర నిలబడ్డ మనకే.

ఈ గొలుసు ఎక్కడ తెగుతుందో ముందే లెక్క కట్టే పద్ధతులు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. పేరు పెద్దది కానీ విద్య కొత్తది కాదు. స్టోర్‌లో, ప్లానింగ్‌లో, మెయింటెనెన్స్‌లో పనిచేసే మన సోదరులు రోజూ చేసేది అదే. స్టోర్లలో కొన్నేళ్లు గడిపిన వాళ్లం కాబట్టి, మాకు తెలిసినంతలో ఆ లెక్కను బియ్యం బస్తాకు వేసి చూద్దామనుకున్నాం.

గేటు మూసిన రోజు

2017 జూన్ 5, సోమవారం. రంజాన్ ఉపవాసాల పదో రోజు. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతార్‌కు భూమి మీద ఉన్న ఒకే ఒక్క సరిహద్దు గేటు అబూ సమ్రా. అది మూతపడింది. ఈ దేశం తినే ఆహారంలో దాదాపు 40 శాతం ఆ గేటు గుండానే వచ్చేదని అప్పట్లో లెక్క కట్టారు. సముద్రం మీద వచ్చే సరుకులో కూడా చాలా భాగం దుబాయ్ జెబెల్ అలీలో దిగి, చిన్న ఓడల్లోకి మారి వచ్చేది. ఆ దారీ పోయింది. ఆ సాయంత్రం సూపర్ మార్కెట్లలో ట్రాలీలు దొరకలేదు. పాలు, లబన్, కోడి మాంసం అల్మారాలు ఖాళీ అయ్యాయి.

తర్వాత ఏమైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టర్కీ నుంచి, ఇరాన్ నుంచి విమానాల్లో పాలు, కూరగాయలు వచ్చాయి. ఒమన్‌లోని సొహార్, సలాలా రేవుల మీదుగా కొత్త ఓడలు నడిపారు. మన దేశం నుంచి ముంద్రా, న్హావా షేవా రేవుల నుంచి నేరుగా హమద్ పోర్టుకు సర్వీసు మొదలైంది. కొద్ది రోజుల్లోనే అల్మారాలు మళ్లీ నిండాయి.

ఇదంతా అదృష్టం కాదు. హమద్ పోర్టు 2016 డిసెంబరులోనే పని మొదలుపెట్టింది. లాంఛనంగా ప్రారంభించింది 2017 సెప్టెంబరులో అయినా, గేటు మూసిన రోజుకు రేవు సిద్ధంగా ఉంది. అది లేకపోతే పెద్ద కంటైనర్ ఓడలు ఎక్కడ దిగేవి? రెండో దారి అవసరం పడిన రోజున కట్టుకునేది కాదు. అవసరం లేని రోజుల్లో, ఇంత ఖర్చు ఎందుకని నలుగురూ అడుగుతున్నప్పుడే కట్టాలి.

మా గోదాంలో పది రియాళ్ల సామాను

అప్పుడు మాకు జరిగిన ముచ్చట ఒకటి. మేము పనిచేస్తున్న చోట స్టోర్‌లో సామానంతా ధరను బట్టి మూడు వర్గాలు చేసేవాళ్లం. ఖరీదైనవి ‘ఏ’, మధ్యస్థం ‘బీ’, చిల్లర సామాను ‘సీ’. దీన్నే ఏబీసీ విశ్లేషణ అంటారు. ‘ఏ’ వస్తువుల మీద వారం వారం కన్ను. ‘సీ’ని ఎవరూ పట్టించుకోరు, అయిపోయాక ఫోన్ చేస్తే దుబాయ్ ఏజెంటు రెండు రోజుల్లో పంపేవాడు.

జూన్ మూడో వారంలో క్యాంపు గదుల ఏసీలు ఒక్కొక్కటే ఆగడం మొదలైంది. కంప్రెసర్లు బాగానే ఉన్నాయి, పోయింది కెపాసిటర్లు. పది పదిహేను రియాళ్ల వస్తువు. మా దగ్గర నాలుగు మిగిలాయి, ఆగిన ఏసీలు పద్దెనిమిది. దుబాయ్ దారి లేదు. బయట ఎండ 45 డిగ్రీలు. డ్యూటీ దిగి వచ్చిన మనుషులు తడి తువ్వాళ్లు కప్పుకుని వరండాలో పడుకున్నారు. పాత సామాను అమ్మే దుకాణాలు తిరిగి, పాడైన ఏసీలు విప్పి, ఎలాగో ఎనిమిది రోజుల్లో గండం గట్టెక్కాం.

తప్పు ఎక్కడ జరిగింది? ధరను చూశాం, అవసరాన్ని చూడలేదు. దీనికి ఇంకో పద్ధతి ఉంది. అది ప్రాణాధారమా, అవసరమా, ఉంటే మంచిదా అని మూడు వర్గాలు చేస్తుంది. మన దేశంలో ఆసుపత్రి మందుల స్టోర్లలో దీన్ని వీఈడీ అంటారు. ఆ లెక్కలో కెపాసిటర్ ‘వీ’. ఏబీసీలో మాత్రం అట్టడుగు ‘సీ’. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి ఉంటే నలభై కెపాసిటర్లు కొని పెట్టేవాళ్లం. అయ్యే ఖర్చు ఐదారు వందల రియాళ్లు.

ఇది మా ఒక్క స్టోర్ తెలివితక్కువతనం అనుకున్నాం. కాదట. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ డేవిడ్ సించి-లెవి ఫోర్డ్ కార్ల కంపెనీతో కలిసి ఇదే లెక్క వేశారు. ఆయన ప్రతి సరఫరాదారు గురించి రెండే ప్రశ్నలు అడిగారు. వాడి ఫ్యాక్టరీ ఆగితే మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎన్ని వారాలు? అంతవరకు మన దగ్గరున్న సరుకుతో ఎన్ని వారాలు నడుస్తుంది? రెండో అంకె మొదటి దాని కంటే చిన్నదైతే అక్కడే ప్రమాదం. అలా లెక్కపెడితే పెద్ద నష్టం తెచ్చిపెట్టేవి చాలాచోట్ల ఖరీదైన భాగాలు కావు, తక్కువ ధర భాగాలేనని తేలింది. మా కెపాసిటర్ సంగతే.

మూడు అంకెల లెక్క

ఇంకో పద్ధతి ఉంది. 1949లో అమెరికా సైన్యం రాసుకున్న విధానం, తర్వాత అంతరిక్ష నౌకలకు, కార్లకు వాడారు. ఇంగ్లిషు పొట్టి పేరు ఎఫ్ఎంఈఏ. క్వాలిటీ విభాగంలో పనిచేసే వాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఏది ఎలా చెడిపోవచ్చో రాసి, ఒక్కోదానికి పదిలో మూడు అంకెలు వేస్తారు. చెడితే ఎంత నష్టం? చెడే అవకాశం ఎంత? చెడేముందు మనకు తెలిసే అవకాశం ఎంత? మూడో దానిలో తెలియకపోవడం ఎక్కువైతే అంకె పెద్దది. మూడూ గుణిస్తే వచ్చిన సంఖ్యే ప్రమాదం కొలత.

2017 మేలో ఖతార్ పాల సంగతి ఈ లెక్కలో చూద్దాం. అంకెలు మావి, తప్పైతే మీరు సరిదిద్దుకోండి. నష్టం 8. పాలు చాలావరకు సౌదీ నుంచే వచ్చేవి మరి. అవకాశం 4. తెలియకపోవడం అని అందరూ 9 వేస్తారు, హఠాత్తుగా జరిగింది కదా అని. గుణిస్తే 288. కానీ ఆ 9 న్యాయమేనా? 2014 మార్చి 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ తమ రాయబారులను దోహా నుంచి వెనక్కి పిలిపించుకున్నాయి. ఎనిమిది నెలల పాటు ఆ మనస్పర్థ నడిచింది. అంటే మూడేళ్ల ముందే గంట మోగింది. రాజకీయ వార్తను రాజకీయ వార్తగానే చదివాం. స్టోర్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని చదవలేదు.

ఆ తర్వాత ఈ దేశం చేసిన పని గమనించదగ్గది. 2017 జులైలో బలద్నా కంపెనీ బుడాపెస్ట్ నుంచి 165 హోల్‌స్టైన్ ఆవులను విమానంలో దింపింది. ఆవులు విమానం దిగుతున్న ఫొటోలు చూసి క్యాంపుల్లో మనవాళ్లు నవ్వుకున్నారు. ఏడాది తిరగకుండానే దేశానికి కావాల్సిన పాలు ఇక్కడే పిండారు. 2019 డిసెంబరులో ఆ కంపెనీ షేర్ మార్కెట్ ఎక్కింది. సరిహద్దు మళ్లీ మూసే అవకాశం ఖతార్ చేతిలో లేదు కాబట్టి ఆ అంకె అలాగే ఉంచి, మూస్తే జరిగే నష్టాన్ని తగ్గించుకున్నారు. ఎడారిలో ఆవులకు ఏసీ పెట్టడం లాభమా నష్టమా అన్న చర్చ వేరే. మేత బయటి నుంచే తెచ్చుకుంటే గొలుసు పాల నుంచి మేతకు మారిందంతే కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలోనూ నిజం ఉంది. అయితే మేతను నెలల తరబడి నిల్వ చేయొచ్చు, పాలను చేయలేం.

2021 జనవరి 5న అల్ ఉలాలో ఒప్పందం కుదిరి గేటు తెరుచుకుంది. అదే గేటును ఇప్పుడు ఇంకో కంటితో చూడాలి. యూఏఈకి ఫుజైరా, ఒమన్‌కు సొహార్, సౌదీకి ఎర్ర సముద్రం ఒడ్డున జిద్దా ఉన్నాయి. హార్ముజ్ దాటకుండానే అక్కడ ఓడ ఆగుతుంది. ఖతార్‌కు అలాంటి రేవు ఒక్కటీ లేదు. అంటే ఒకప్పుడు అబూ సమ్రా మూస్తే హమద్ పోర్టు కాపాడింది, సముద్రం మీద ఆపద వస్తే మళ్లీ అబూ సమ్రానే దిక్కు. 2025 జూన్ 23 రాత్రి అల్ ఉదైద్ స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వచ్చినప్పుడు కొన్ని గంటలు ఆకాశం మూసేశారు. ఇండస్ట్రియల్ ఏరియాలో మేడల మీదికెక్కి చూసినవాళ్లు ఆ వెలుగులు ఇంకా మరిచిపోలేదు. గాలి, నీరు, నేల మూడు దారులూ ఒకే కారణంతో ఒకేసారి ఆగితే రెండో దారి అన్న మాటకు అర్థం ఉండదు. నిల్వ ఒక్కటే మిగులుతుంది. హమద్ పోర్టు దగ్గర బియ్యం, చక్కెర, నూనెల కోసం పెద్ద ఎత్తున నిల్వ కేంద్రాలు కట్టింది అందుకే.

దారి కాదు, మూలమే మూసినప్పుడు

ఇప్పుడు బియ్యం దగ్గరికి వద్దాం. 2017లో మూసింది దారి. 2023లో మూసింది మూలం. ఆ ఏడాది జులై 20న మన కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించింది. దేశంలో బియ్యం ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగిందని కారణం చెప్పింది. ప్రపంచంలో ఎగుమతయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. అమెరికాలో మన తెలుగువాళ్లు సోనా మసూరి కోసం షాపుల ముందు క్యూ కట్టిన వీడియోలు ఆ వారమంతా ఫోన్లలో తిరిగాయి. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం కూడా వేశారు. నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబరు 28న.

ఓడలు ఉన్నాయి, రేవు ఉంది, డబ్బు ఉంది, సరుకు కదలదు. ఇలాంటప్పుడు పది దారులున్నా లాభం లేదు.

‘ఎవరు ఊహించారు’ అని దిగుమతిదారులు అన్నారు. మేము ఒప్పుకోం. 2007 అక్టోబరులో కూడా ఇదే నిషేధం వచ్చింది. ఎత్తేయడానికి 2011 సెప్టెంబరు దాకా, అంటే దాదాపు నాలుగేళ్లు పట్టింది. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపి, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. అవకాశం అనే అంకె దగ్గర 2 వేసుకుని కూర్చున్నవాళ్లు 5 వేసుకోవాల్సింది. నిషేధం పెట్టడం ప్రభుత్వ తప్పని మేము అనడం లేదు. ఊళ్లో మనవాళ్లు కూడా అవే బియ్యం కొనుక్కుని తినాలి. దిగుమతి చేసేవాడు పాఠం నేర్చుకోకపోతే ఖర్చు అతను భరించడం లేదన్నదే మా మాట.

మరి ఎవరు భరించారు? షాపులో కొనుక్కునే వాడు ధర రూపంలో, మెస్‌లో తినే వాడు నాణ్యత రూపంలో. మెస్ కాంట్రాక్టరు నెలకు మనిషికి ఇంత అని ఒప్పుకుని ఉంటాడు. బియ్యం ధర పెరిగితే కంపెనీ రేటు పెంచదు. అతను రకం మారుస్తాడు. సన్న బియ్యం పోయి లావు బియ్యం వస్తాయి, పప్పు పలచబడుతుంది. ఖతార్‌లో 2020 నాటి 17వ నంబరు చట్టం 2021 మార్చి 20 నుంచి అమల్లోకి వచ్చింది. కనీస వేతనం 1000 రియాళ్లు, కంపెనీ తిండి పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనం అని అందులో రాశారు. మంచి చట్టమే. అయితే 300 అనేది స్థిరమైన అంకె, బియ్యం ధర కదిలే అంకె. ఆ రెంటి మధ్య తేడా పెరిగినప్పుడల్లా అది మన కంచంలోంచే పోతుంది.

నోకియా ఫోన్, బాపట్ల వడ్లు

వస్తువును తయారుచేసే ముందే, కాగితం మీద ఉన్నప్పుడే ఈ ప్రమాదాలు తగ్గించవచ్చునా? తగ్గించవచ్చు. గల్ఫ్ వచ్చిన కొత్తలో మనలో చాలామంది ఇంటికి పంపిన మొదటి ఫోన్ నోకియా. దాని వెనుక ఒక కథ ఉంది.

2000 మార్చి 17న అమెరికాలో అల్బుకెర్కీ అనే ఊళ్లో ఫిలిప్స్ చిప్‌ల ఫ్యాక్టరీ మీద పిడుగు పడి చిన్న మంట లేచింది. పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ దుమ్ము కణం కూడా ఉండకూడని గదులు పొగ, నీళ్లతో పాడయ్యాయి. ఆ చిప్‌లు నోకియాకూ కావాలి, ఎరిక్సన్‌కూ కావాలి. నోకియా మనుషులు ఆలస్యాన్ని వెంటనే పసిగట్టి, వేరే ఫ్యాక్టరీల్లో తయారయ్యేలా చిప్‌ల డిజైన్‌నే మార్చుకున్నారు. ఎరిక్సన్‌కు రెండో మూలం లేదు. దాదాపు 40 కోట్ల డాలర్ల దెబ్బ తగిలింది. 2001లో ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో కలిపేసుకుంది. మంట రెండు కంపెనీలకూ ఒకటే. ఒకరి వస్తువు మార్చుకోవడానికి వీలుగా ఉంది, రెండోవారిది లేదు.

టొయోటా కూడా 2011 భూకంపం తర్వాత చిప్‌లను నెలల తరబడి నిల్వ ఉంచమని సరఫరాదారులకు చెప్పింది. 2021లో ప్రపంచమంతా చిప్‌ల కరువు వచ్చినప్పుడు తక్కిన వాళ్ల కంటే ఎక్కువ కాలం తట్టుకుంది. చివరికి ఆ సెప్టెంబరులో దాని ఉత్పత్తీ తగ్గింది. నిల్వ సమయాన్ని కొని ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు.

దూరం వెళ్లక్కర్లేదు, మన దగ్గరే ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204. మన రెండు రాష్ట్రాల్లో ఇంటింటి అన్నం అది. రుచి బంగారం, కానీ ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. కోట్ల మంది ఒకే రకం మీద ఆధారపడితే, దానికి ఒక తెగులు చాలు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ గింజ రుచి, సన్నదనం మారకుండా తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణ పద్ధతిలో చేర్చాయి. 2008లో ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ విడుదలైంది. రాజేంద్రనగర్ వాళ్ల తెలంగాణ సోనా, ఆర్ఎన్ఆర్ 15048, ఇంకో తోవ పట్టింది. బీపీటీకి 150 రోజులు పడితే అది 125 రోజుల్లోనే కోతకు వస్తుంది. కాల్వ నీళ్లు ముందే ఆగినా పంట చేతికొస్తుంది. ఇంజనీర్లు డిజైన్ దశలోనే ప్రమాదం తగ్గించడం అని పుస్తకాల్లో రాసేది, మన శాస్త్రవేత్తలు వడ్ల గింజలో చేసి చూపించారు.

మన ఇంటి గొలుసు

ఈ లెక్క కంపెనీలకే ఎందుకు ఆగాలి? మన ఇల్లు కూడా ఒక గొలుసే. ఒక్క మనిషి, ఒక్క కంపెనీ, ఒక్క జీతం, దాని మీద ఊళ్లో ఐదారుగురు. ఏజెంటుకు కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది.

సించి-లెవి గారి రెండు ప్రశ్నలే వేసుకుందాం. జీతం ఆగితే ఇల్లు ఎన్ని వారాలు నడుస్తుంది? ఏషియన్ టౌన్‌లో ఆ సాయంత్రం పన్నెండు మందిని అడిగాం. ‘నెల’ అన్నవాళ్లే ఎక్కువ. ఇద్దరు ‘పది రోజులు’ అన్నారు. ఒక్క ఆచంట అబ్బాయి మాత్రం ‘ఆరు నెలలండి, మా ఆవిడ టైలరింగ్ చేస్తది’ అన్నాడు. మరి ఆగిన జీతం చేతికి రావడానికి ఎన్ని వారాలు? ఖతార్ 2017 నాటి 13వ నంబరు చట్టం ప్రకారం కార్మిక వివాదాల కమిటీ మొదటి విచారణ నుంచి మూడు వారాల్లో తేల్చాలి. దానికి ముందు ఫిర్యాదు, రాజీ ప్రయత్నం ఉంటాయి. తర్వాత వసూలు ఉంటుంది. మూడు నెలలు అనుకుని లెక్క వేసుకోవడమే తెలివి. నెల నడిచే ఇల్లు, మూడు నెలల ఆపద. ఆ మధ్యలో రెండు నెలలకే ఊళ్లో వడ్డీ వ్యాపారి కూర్చుని ఉన్నాడు.

ఇంకొకటి, తెలియకపోవడం అనే మూడో అంకె. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వచ్చిన వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాద మరణానికి పది లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పైన పన్ను. వచ్చేటప్పుడు ఏజెంటు కట్టించేస్తాడు. గడువు ఎప్పుడు అయిపోతుందో మేము అడిగిన పన్నెండు మందిలో ఒక్కరికీ తెలియదు. నాలుగైదేళ్లుగా ఇక్కడే ఉన్నవాళ్లకు అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మా కెపాసిటర్ లాంటిదే ఇదీ. ధరలో ‘సీ’, అవసరంలో ‘వీ’. ఫోన్‌లో పాలసీ కాగితం ఫొటో, దాని పక్కన గడువు తేదీకి అలారం. ఈ వారమే పెట్టుకోండి. వీసా పొడిగించుకున్నప్పుడు బీమా కూడా పొడిగించుకోవచ్చు.

జగిత్యాల అన్నకు ఇదంతా చెప్పేసరికి షాపులో లైట్లు సగం ఆర్పేశారు. ఆయన బస్తాను తిప్పి ప్యాకింగ్ తేదీ వెతికాడు. వేళ్ల మీద వారాలు లెక్కపెట్టి, ‘‘పదకొండు వారాలు. అంటే నేను ఇయ్యాల కొంటున్నది రెండున్నర నెలల కిందటి ధరనన్నట్టు’’ అన్నాడు. పది కిలోల బస్తా పక్కన పెట్టి ఐదు కిలోలది తీసుకున్నాడు. పాలసీ కాగితం ఎక్కడుందో అడగడానికి ఇంటికి వీడియో కాల్ చేస్తూ బస్సు వైపు నడిచాడు.